గడిని తప్పించుకున్న తొవ్వ

ఇప్పలపెల్లిలో సైకిల్ నేర్చుకునేవాడికి ముందు ఎక్కడం కాదు, దిగడం నేర్పేవాళ్ళు. ఊరి నుంచి గోదావరి రేవుకు పోయే సడక్ దామోదర్‌రావు దొర గడి ముందు నుంచే పోతుంది. గడి మొదటి బురుజు కనబడగానే సైకిల్ మీద ఉన్నవాడు దిగాలి. చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. భుజం మీది తువ్వాలను చంకలోకి మార్చాలి. అవతలి బురుజు దాటేదాకా సైకిల్‌ను, అంగట్లో కొన్న పెయ్యను తోలుకొచ్చినట్టు, పక్కన నడిపించుకుంటూ పోవాలి. ఇది ఏ శాసనంలోనూ రాసి లేదు. రాసినవాటిని జనం మరిచిపోతారు గనుక రాయకపోవడమే మంచిదని పెద్దలు అనుకుని ఉంటారు. ఒకప్పుడు ఒకడు మరిచిపోయాడు. వాడిని గడి వాకిట్లోకి పిలిపించి పొద్దుగూకేదాకా ఉంచుకున్నారు. ఆ తర్వాత వాడి జ్ఞాపకశక్తి ఎంత పెరిగిందంటే, గడి కనబడని ఊళ్ళలో కూడా సైకిల్ దిగి నడిచేవాడు.

దొర ఆ వేళకు అరుగు మీద ఉన్నాడా లేడా అన్నది వేరే సంగతి. ఆయన కుర్చీ ఉండేది. దిగేవాళ్ళు కుర్చీకి దిగేవాళ్ళు.

హనుమండ్లు అనే మనిషి ఈ ధర్మశాస్త్రానికి మొదటి సవరణ తెచ్చాడు. ఆయనను వీరుడనుకుంటే పొరపాటు. పొద్దున లేస్తే బీడీల గంప మోసే మనిషి ఆయన. ఊళ్ళో ఆడవాళ్ళు చుట్టిన బీడీలను గంపకెత్తి, సైకిల్ వెనక కట్టుకుని, రేవు కాడి ఖార్ఖానాలో అప్పజెప్పి, ఆకూ తంబాకూ తెచ్చి మళ్ళీ ఇల్లిల్లూ పంచడం పని. ఎవరితోనూ పోట్లాడేవాడు కాదు. పోట్లాడే మనుషులు తంతే పరుగెత్తగలగాలి. హనుమండ్లుకు ఆ సౌకర్యం లేదు.

చిన్నప్పుడు ఎడమకాలు బండి గీర కింద పడింది. అతికింది గానీ పొట్టిగా అతికింది. మాదిగ వాడలో లారీ టైరు ముక్కలు మడత మీద మడత వేసి ఎడమ చెప్పుకు అరచెయ్యంత మందం అడుగు కుట్టించుకున్నాడు. ఆ చెప్పుతో నడిస్తే కొంచెం వంకర. అది లేకుండా నడిస్తే, మనిషి అడుగడుగుకూ బావిలోకి తొంగి చూసి వస్తున్నట్టు ఉండేది. అదే సైకిల్ ఎక్కాడంటే మాత్రం ఏ కాలు పొడుగో ఏ కాలు పొట్టో ఆయన పెళ్ళాం బాలలక్ష్మి కూడా చెప్పలేదు. పెళ్ళిచూపులకు సైకిల్ మీద పోయి, దిగకుండానే మంచినీళ్ళు తాగి వచ్చాడని ఊళ్ళో ఒక కథ. బాలలక్ష్మి ఆ కథను కాదనేది కాదు.

గడి ముందు దిగడమంటే అందరికీ పరువు పోవడం. హనుమండ్లుకు అంతకు మించి, కాలు కూడా పోవడం. చెప్పు చేతికి వస్తుంది, వంకర బయటికి వస్తుంది. పైగా గంప బరువుకు సైకిల్ ఒరిగేది. రోజుకు రెండుసార్లు, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి.

ఎమర్జెన్సీకి ముందటి ఎండాకాలంలో ఒకనాడు గడికి జగిత్యాల నుంచి చుట్టాలొచ్చారు. అరుగు మీద చాయలు తాగుతున్నారు. హనుమండ్లు దిగి, చెప్పులు పట్టుకుని, బావిలోకి తొంగి చూస్తూ దాటిపోతున్నాడు.

"ఆగురా," అన్నాడు దొర. దామోదర్‌రావు దొర గొంతు పెంచే మనిషి కాదు. ఆయన కోపం చేస్తే ఊరు నిమ్మళంగా ఊపిరి తీసుకునేది, లోపలిది బయటపడ్డది కదా అని. ఆయన మెత్తగా మాట్లాడితేనే పిల్లలను ఇళ్ళలోకి పిలుచుకునేవాళ్ళు. "మా బావ సరిగ సూడలేదట. మళ్ళ గా బురుజు కాన్నుంచి ఇటు నడువు."

హనుమండ్లు సైకిల్‌ను గోడకు ఆనించి వెనక్కి పోయి నడిచాడు.

"చెప్పులు లేకున్నా ఎంత ముద్దుగ నడుస్తుండు సూసినవా బావా. జర నిమ్మళంగ నడువురా, ఉరుకుడెందుకు?"

మూడోసారి కూడా నడిచాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఒక చుట్టం అతనికి చాయ కూడా పోయమన్నాడు. రేవుకు చేరేసరికి ఖార్ఖానా తలుపు పడింది. గంప గంపలాగే ఊరికి తిరిగి వచ్చింది. బీడీలు చుట్టే ఆడవాళ్ళలో పెద్దనోరు బుచ్చవ్వది. వాకిట్లోకొచ్చి నడుం మీద చేతులు పెట్టింది.

"ఏమాయె హనుమండ్లూ, మా బీడీలకు గోదారి సూపిచ్చి తోల్కొచ్చినవా?"

"దొర ఆపిండు పెద్దమ్మా."

"ఎందుకు?"

"నడువుమన్నడు."

బుచ్చవ్వ నడుం మీది చేతులు దించేసింది. అంతకంటే అడగవలసింది ఏమీ లేదు. గంప తీసుకుని పోయింది.

ఊరి వెనక ఇప్పలగుట్ట. గుట్టకు అటువైపు గోదావరి. గుట్ట మీద టేకు, కంక, తునికి చెట్లు. మేకలు పోయే ఒక గీత ఉండేది గుట్ట నెత్తి మీదుగా. మరునాటి నుంచి హనుమండ్లు బీడీలు దించి వచ్చాక గొడ్డలి పట్టుకుని గుట్టెక్కేవాడు. ఏం చేస్తున్నావంటే కట్టెలకు అనేవాడు. ఆ ఎండాకాలమంతా రామవ్వ పొయ్యికి కట్టెల కరువు రాలేదు గానీ, కొడుకు అన్ని కట్టెలు ఎందుకు తెస్తున్నాడో ఆ తల్లికి మృగశిర కార్తె వచ్చేదాకా తెలియలేదు. అప్పటికి గుట్ట మీద సైకిల్ గీర పట్టేంత వెడల్పున ఒక తొవ్వ తయారైంది.

అది సడక్ కంటే రెండింతల దూరం. సడక్ మీద లేని సకల సౌభాగ్యాలూ దాని మీద ఉన్నాయి. మొదట ఏకఎత్తుగా ఎక్కుడు. అక్కడ ఎట్లాగూ దిగి తోయాల్సిందే, అయితే గుట్టకు అరుగు లేదు, చుట్టాలు లేరు. గుట్ట నెత్తిన ఒక టేకుకొమ్మ సరిగ్గా నుదుటి మట్టానికి వంగి ఉండేది, దానికి అత్త మొట్టికాయ అని పేరొచ్చింది. తర్వాత లొద్ది. ఎండాకాలం నడిమిట్ల కూడా తడి ఆరని ఆ సన్నని లోయలో పిట్ట కూసేది కాదు, గీర కింద ఆకు నలిగిన చప్పుడు వెనక నుంచి ఎవరో వస్తున్నట్టు వినబడేది. ఒంటరిగా దాటేవాళ్ళు అక్కడ గట్టిగా దగ్గేవాళ్ళు, ఎలుగుబంటికి మర్యాదగా కబురు పెట్టడానికి. లొద్ది దాటితే ఒక మలుపు. కరణం లెక్కలాగే దాని వెనక ఏముందో చేరేదాకా తెలియదు గనుక దానికి పట్వారి మలుపు అని పేరు. ఆ మలుపు తిరగ్గానే చివరి దిగుడు, రాళ్ళ నడుమ నిట్టనిలువుగా గోదావరి ఇసుక దాకా. దాని పేరు ఎములాడ మొక్కు. అక్కడ సైకిల్ మీద ఉన్న ఏ మనిషైనా వేములవాడ రాజన్నకు కోడెను కట్టేస్తానని మొక్కకుండా కిందికి చేరలేదు. ఇప్పలపెల్లి జనం మొక్కిన కోడెలన్నీ నిజంగా కట్టేసి ఉంటే ఎములాడలో మనుషులకు నిలబడే జాగ ఉండేది కాదు.

ఈ దిగుడు మీద సైకిల్ బ్రేకులు పనిచేసేవి కావు. వానాకాలం దాటేలోపే వాటి రబ్బరు అరిగి ఇనుము మిగిలింది. హనుమండ్లు తన ఎడమకాలి చెప్పును ముందటి టైరు మీద అదిమేవాడు. లారీ టైరు సైకిల్ టైరును పట్టుకుంటే సైకిల్ బుద్ధిగా దిగేది. ఏ చెప్పు కోసం గడి ముందు ఆయన నవ్వులపాలయ్యాడో, ఆ చెప్పే గుట్ట మీద ఆయన ప్రాణం కాసేది.

ఏడాది తిరిగేసరికి ఊళ్ళో సైకిళ్ళు పెరిగాయి. గంపలు లేని పడుచువాళ్ళు కూడా గుట్టతొవ్వనే పట్టారు. మొదట్లో గడిని తప్పించుకోవడానికి, తర్వాత ఆ దిగుడు మీద కడుపులో లేచే జిల కోసం. ఎవడు ఎక్కడ పడ్డాడో, ఎవడి మోచిప్ప ఎక్కడ చెక్కుకుపోయిందో చెప్పుకోవడమే చావిడి కాడ ముచ్చట. సడక్ ఖాళీ అయింది.

ఇక్కడే చిక్కొచ్చింది. గడి ముందు జనం దిగకపోతే దొరకు కోపం రావచ్చు. గడి ముందుకు జనమే రాకపోతే దొరకు వచ్చేదేమిటో ఎవరికీ తెలియదు. అంతకు ముందు జరిగి ఉంటే కదా. పొద్దున అరుగు మీద కూర్చుంటే ఎదురుగా దుమ్ము. ఆ దుమ్ములో కుక్క. కుక్కకు దిగడానికేమీ లేదు.

గడిలో ఊడిగం చేసే సుంకరి పర్శరాములు దొర వెనక నిలబడి విసనకర్ర ఊపేవాడు. అతని బాపూ అక్కడే నిలబడ్డవాడు.

"జనమెటు పోయిండ్రు రా?"

"గుట్ట మీంచి పోతుండ్రు దొరా. హనుమండ్లు తొవ్వ దీసిండు."

"కుంటి హనుమండ్లా?"

"ఔ దొరా."

దొర చాలాసేపు దుమ్మును చూశాడు. "మంచిగ దీసిండా?"

ఈ ప్రశ్నకు ఏం చెబితే బతుకుతామో పర్శరాములుకు తోచలేదు. "సల్లగుంటదట దొరా," అన్నాడు.

హనుమండ్లుకు గడి నుంచి పిలుపొచ్చింది. బాలలక్ష్మి ఆయన మంచి ధోతి తీసి ఇచ్చింది. దెబ్బలు తినడానికి పోయేవాడికి మంచి ధోతి ఎందుకని రామవ్వ అడిగితే, "పాతదైతే సినుగుతది," అన్నది.

దెబ్బలేమీ పడలేదు. దొర నవ్వుతూ మాట్లాడాడు. "గుట్ట మీద తొవ్వ ఏసినవట. నా అసొంటోడు ఏసిన సడక్ కన్న మంచిగున్నదంటున్నరు. నాగ్గూడ సల్లగాలి కావాలె రా. ముసలోన్నైతున్న."

"నీ బాంచెన్ దొరా, మేకల తొవ్వ అది."

"మేకల తొవ్వే. పో, పో. గంపకు యాళ్ళైతుంది."

ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే రామవ్వకు ఏడుపు వచ్చింది. "తిట్టలేదా బిడ్డా? ఒక్క మాటన్న తిట్టలేదా?"

"లేదవ్వా. నవ్విండు."

"అయ్యో నా కొడుకా."

ఆ వారంలోనే ఎములాడ మొక్కు కింద, తొవ్వ ఇసుకలో కలిసే చోట, రాళ్ళు పేర్చి గద్దె కట్టారు. దాని మీద తాటాకు పందిరి. పందిరి కింద, గడి అరుగు మీది కుర్చీకి తోబుట్టువు లాంటి కుర్చీ. గోదావరికి వీపు, గుట్టకు ముఖం. పొద్దున్నే దొర బండిలో వచ్చి, కూర్చుని, తమలపాకు నములుతూ దిగుడు వంక చూస్తూ ఉండేవాడు. పక్కన విసనకర్రతో పర్శరాములు. దొర ఎవరినీ ఆపలేదు. తొవ్వకు కంప కొట్టించలేదు. కంప కొట్టిస్తే తనను తప్పించుకునే తొవ్వ ఒకటి ఉన్నదని ఒప్పుకున్నట్టు. ఆయన కేవలం చల్లగాలికి వచ్చాడు.

దొర కనబడితే దిగాలి. పట్వారి మలుపు తిరిగేదాకా దొర కనబడడు. తిరిగాక దిగాలంటే ఎములాడ మొక్కు మీద దిగాలి. అక్కడ దిగినవాడు సైకిల్ కంటే ముందు కిందికి చేరుతాడు. ఈ చిక్కుముడిని ఊరు రెండు దినాలు విప్పి చూసింది. మూడోనాటికి పడుచువాళ్ళంతా ఒక్కొక్కరే మళ్ళీ సడక్ మీదికి వచ్చారు. అక్కడ గడి అరుగు మీద ఖాళీ కుర్చీ ఉంది. దానికి దిగారు. దొర ఒకేసారి రెండు చోట్ల దర్శనమిచ్చిన ఘట్టం ఇదే. ఇంతటి మహిమ స్థలపురాణాల్లో దేవుళ్ళకు తప్ప చెప్పలేదు.

మిగిలినవాడు హనుమండ్లు ఒక్కడే.

"సడక్ మీదికెళ్ళి పో," అన్నది బాలలక్ష్మి. "అందరు పోతలేరా?"

"అందరు మంచిగ నడుస్తరు."

"నవ్వితే నవ్వనీ. నవ్వుతోని పానం పోదు."

"నీకు దెల్వదు."

"నాకే దెల్వాలె. నీ కాలు జూసి చేసుకోలేదా నేను?"

ఊరికి తెలియని సంగతొకటి ఆ ఇంట్లో ఉంది. పెళ్ళిచూపులనాడు బాలలక్ష్మి దొడ్డి కంప సందులోంచి ఆయన సైకిల్ ఎక్కడం చూసింది, ఎక్కక ముందటి నడకా చూసింది.

హనుమండ్లు ఉపాయం హనుమండ్లుకు ఉంది. సైకిల్ మీదనే పోతాడు. ఎందుకు దిగలేదంటే, గుట్ట మీద బ్రేకులాగవు దొరా, దిగుదామనే అనుకున్నా, సైకిలే ఆగలేదు అంటాడు. అది అబద్ధమని దొరకు తెలుస్తుంది. అబద్ధమని రుజువు చేయాలంటే దొర తానే సైకిలెక్కి దిగి చూడాలి. న్యాయశాస్త్రంలో ఇంత మంచి వాదన అరుదు. చెప్పును అదుముకుంటూ, మెల్లగా, ఎటూ చూడకుండా, దొర ముందు నుంచి కూర్చునే దాటిపోవడం. అంతే.

పొద్దున బీడీల గంప కట్టుకుని గుట్టెక్కాడు. లొద్దిలో దగ్గలేదు. పట్వారి మలుపు తిరిగాడు. కింద పందిరి, కుర్చీ, కుర్చీలో తెల్లని బట్టలు.

ఆ తర్వాత జరిగింది హనుమండ్లు చేసింది కాదు, హనుమండ్లు ఎడమకాలు చేసింది. ఆ కాలికి ఉపాయం సంగతి ఎవరూ చెప్పలేదు. దానికి తెలిసింది ఒక్కటే. దొర కనబడితే చెప్పు విడవాలి. తాత కాలం నుంచి ఆ ఇంటి కాళ్ళకు అదే తెలుసు. టైరు మీద అదిమిన కాలు, దొర తెల్లబట్టలు కంటపడగానే, తనంతట తాను మడమ విదిల్చి చెప్పును విడిచేసింది. చెప్పు రాళ్ళ మీద రెండు గంతులు వేసి పడిపోయింది. బ్రేకు దానితో పోయింది.

ఒక దొర ముందు నుంచి ఒక ఊరి బిడ్డ అంత వేగంగా ఎన్నడూ పోలేదు. గంప లేచి లేచి పడుతోంది. హనుమండ్లు కళ్ళు మూసుకున్నాడు. సైకిల్ గద్దె వైపుకే వస్తున్నదని మొదట చూసింది పర్శరాములు. రెండోది దొర. దామోదర్‌రావు దొర కుర్చీలోంచి లేచాడు. లేవడం కాదు, ఎగిరాడు. కుర్చీ వెనక్కి పడింది. తమలపాకుల పెట్టె దొర్లింది. సైకిల్ గద్దెను గీరుకుంటూ పక్కనుంచి పోయి, ఇసుకలో దిగబడి, మనిషినీ గంపనూ వేర్వేరుగా గోదావరికి సమర్పించింది. రేవులో బట్టలుతికే ఆడవాళ్ళు అంతా చూశారు. బీడీలు చాలాసేపు నీళ్ళ మీద తేలుతూ ధర్మపురి దిక్కు పోయాయి.

హనుమండ్లు కుడికాలు విరిగింది. మంచికాలు.

పొద్దుగూకేలోపు ఊరంతా ఒకటే మాట, గోడకు కూడా వినబడనంత మెల్లగా. దొర లేచి నిలబడ్డడట. హనుమండ్లును చూసి దొర లేచి నిలబడ్డడట. పడుచువాళ్ళు మంచం చుట్టూ చేరి నవ్వు ఆపుకుంటూ చెబుతుంటే, హనుమండ్లు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "మీ కాల్మొక్త, అనకుండ్రి. ఆ మాట అనకుండ్రి." దొర ముందు దిగకపోతే తప్పు. దొరను లేపితే దానికి పేరు కూడా ఇంతవరకు ఎవరూ పెట్టలేదు.

వారం గడిచింది. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం ఇప్పలపెల్లిలో ఎన్నడూ మంచి శకునం కాదు.

తర్వాత దొరే వచ్చాడు. ఆ వాడకు దొర నడిచి రావడం అదే మొదలు. వెనక పర్శరాములు, అతని చేతిలో ఎడమకాలి చెప్పు. హనుమండ్లు లేవబోయాడు. కట్టుకట్టిన కాలు లేవనియ్యలేదు.

"పండుకో, పండుకో," అన్నాడు దొర. నులకమంచం పట్టె మీద కూర్చున్నాడు. పర్శరాములు చేతిలోంచి చెప్పు తీసుకుని మంచం పక్కన నేల మీద తానే పెట్టాడు. రామవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నన్ను సూసి చెప్పిడిసినవ్. మర్యాద దెల్సినోనివి. అందుకనే పడ్డవ్. పడ్డోని జూసి నేను లేచిన. గంతే గదరా జరిగింది?"

హనుమండ్లు దుప్పటిని కట్టు మీదికి లాక్కున్నాడు.

"గా ముక్కనే రచ్చకాడ అందరి ముందర జెప్పు. దొరను సూసి చెప్పిడిసిన అని. కాలుకు నేనే మందిప్పిస్త. సడక్ మీద నువ్వు నడుస్తుంటె ఎవడు నవ్వకుండ సూస్త."

అది నిజమే. చెప్పు విడిచింది దొరను చూసే. ఊరంతటిలో ఆ సంగతి ఇద్దరికే తెలుసు, హనుమండ్లుకూ దొరకూ. నిజం చెబితే కాలు బాగవుతుంది, నవ్వులు ఆగుతాయి, ఇల్లు నిలుస్తుంది. సత్యమేవ జయతే అని సర్కారు కూడా రాసి పెట్టుకుంది. హనుమండ్లు చెప్పు వైపు చూశాడు. దొర వైపు చూశాడు.

"జారింది దొరా," అన్నాడు.

"ఏంది?"

"చెప్పు. వారు తెగి జారింది. ఇడువలే."

దొర వంగి, చెప్పు తీసుకుని, వారు లాగి చూశాడు. గట్టిగా ఉంది. మళ్ళీ లాగాడు. నవ్వాడు. చెప్పును నేల మీద పెట్టి చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు.

"జారిందంటవ్. మంచిది. కాలు మాననీ. మానినంక ఒక్కసారి మళ్ళ గట్లనే సైకిలేసుకొని రా గుట్ట మీంచి. నేను కూసుంట. జారుతదో ఇడుస్తవో ఇద్దరం జూద్దాం."

ఆయన పోయాక చాలాసేపటిదాకా ఎవరూ ఆ మంచం పట్టె మీద కూర్చోలేదు.

అప్పటి నుంచి ఆ కాలు ఊరుమ్మడి కాలైంది. ఎంతవరకు అతికిందో రోజూ ఎవరో ఒకరు వచ్చి చూసి, తల ఊపి పోయేవాళ్ళు. బీడీల గంప బాలలక్ష్మి నెత్తిన పెట్టుకుని సడక్ మీద పోతోంది. కట్లు కట్టే కొమురెల్లి తాత చేతిలో ఎముక ఇట్టే అతుకుతుందని నాలుగూళ్ళలో పేరు. ఆకుపసరు కట్టు మార్చడానికి వచ్చినప్పుడు రామవ్వ అతన్ని దొడ్లోకి పిలిచింది.

"తాతా, జర నిమ్మళంగ అతికియ్యి."

"గదేందవ్వా? దీపావళికల్ల ఉరికిస్త నీ కొడుకును."

"వద్దు. ఉరికియ్యకు. సంకురాత్రి దాక పట్టనియ్యి. నీ కడుపు సల్లగుండ."

కొమురెల్లి ముఖం మాడిపోయింది. యాభై ఏళ్ళ వైద్యంలో ఇంత అవమానం పడలేదు. "అవ్వా, నేను కట్టినంక ఎముక నా మాటిన్నా ఇనకున్నా అతుకుతది. ఆలస్యం జేసే మందు నాకాడ లేదు." రామవ్వ పోచమ్మ గద్దె కాడికి పోయి, కొడుకు కాలు అప్పుడే బాగు చెయ్యొద్దని మొక్కుకుంది. తల్లులు మొక్కే మొక్కుల్లో ఇది వినడం పోచమ్మకు కొత్త. ఆ కొత్తకు ఎటూ తేల్చుకోలేకపోయిందేమో, కాలు దీపావళికే అతికింది.

బాలలక్ష్మి తల్లిగారిల్లు గోదావరి అవతల, ఆదిలాబాద్ జిల్లాలో, జన్నారం దాటి అడవిలో. "పోదాం," అన్నది. "నా అన్న బండి దెస్తడు. రేపే పోదాం."

"ఊకనే పోతె చెప్పిడిసిండనే అంటరు."

"అననీ."

"నేను ఇడిసింది నాకెరుకనే," అన్నాడు హనుమండ్లు. ఆ మాట ఆయన అన్నది ఒక్క పెళ్ళాంతోనే, అదీ ఆ ఒక్కసారే. "ఇంకోసారి ఇడువకుంట దిగాలె. దిగినంక నువ్వెక్కడికంటె అక్కడికి."

బాలలక్ష్మి పడవ సరంగుతో మాట్లాడి వచ్చింది. అన్నకు కబురు పంపింది. తల్లిగారింట్లో పెండ్లున్నదని వాడకట్టుకు చెప్పింది.

గుట్ట దిగుతానని గడికి చెప్పి పంపిన దినానికి ముందునాడు, తునికికట్టెలకు పోయిన బుచ్చవ్వ మాపటికి వచ్చి గడపలో నిలబడింది. "హనుమండ్లూ, రేపు దొర మనుసులు పట్వారి మలుపుకాడ కూసుంటరట. కట్టెలు గొట్టి పెట్టుకుంటుండ్రు. పోయేటప్పుడేమనరు. మాపటికి వచ్చేటప్పుడు."

వచ్చేటప్పుడంటే ఎక్కుడు. ఎక్కుడులో ఎవడైనా దిగి తోయాల్సిందే. దొర అంత దూరం ఆలోచించాడు.

"వచ్చేటప్పుడు గద పెద్దమ్మా," అన్నాడు హనుమండ్లు.

తెల్లారి ఆయన గడపలో కూర్చుని ఎడమకాలు చాచాడు. బాలలక్ష్మి చెప్పు తొడిగి, బావిచేంతాడు పాయ తీసి, పాదాన్నీ చెప్పునూ కలిపి చుట్టింది. మడమ మీదుగా, వేళ్ళ మీదుగా, మళ్ళీ మడమ మీదుగా. పళ్ళతో పట్టి ముడి బిగించింది.

"నొస్తుందా?"

"ఇంక గుంజు."

ఇంకా గుంజింది. ఇప్పుడు ఆ కాలు ఎవరిని చూసి ఏమనుకున్నా దాని చేతిలో ఏమీ లేదు.

గుట్ట మీద ఆ పొద్దున మంచు పట్టి ఉంది. లొద్దిలో గీర చప్పుడు తప్ప ఏమీ లేదు. పట్వారి మలుపులో చెట్ల వెనక నలుగురు కూర్చుని ఉన్నారు. తలలు వంచుకుని దారి ఇచ్చారు. వాళ్ళలో ఒకడు అతనితో చిన్నప్పుడు మేకలు కాసినవాడు. హనుమండ్లు వాళ్ళను చూడనట్టే మలుపు తిరిగాడు.

కింద కుర్చీ. తెల్లబట్టలు. రేవులో ఆ పొద్దున బట్టలుతకడానికి ఊరు ఊరంతా వచ్చింది. ఉతుకుతున్న చప్పుడు మాత్రం లేదు.

ఎడమకాలు విదిల్చుకోబోయింది. తాడు బిగుసుకుంది. మళ్ళీ విదిల్చుకోబోయింది. హనుమండ్లు పళ్ళు బిగబట్టి ఆ కాలిని టైరు మీద అదిమాడు. సైకిల్ ఎద్దులు మొండికేసిన బండిలా, రాయి రాయికీ ఆగి, దిగింది. రబ్బరు కాలిన వాసన కిందిదాకా వచ్చింది. ఆయన ఎప్పుడూ ఇంత మెల్లగా దిగలేదు. దొరకు చూడ్డానికి ఎంత సమయం కావాలో అంత సమయమూ ఇచ్చాడు. గద్దె ముందుకు వచ్చేసరికి ఇద్దరి ముఖాలూ ఒక మట్టానికి వచ్చాయి. కూర్చున్న దొర, కూర్చున్న హనుమండ్లు.

దొర చూపు కాలి మీదికి పోయింది. తాడును చూశాడు, ముడిని చూశాడు. లేవకుండా కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు. హనుమండ్లు దాటిపోయాడు.

దొరలు దాటిపోయినవాడిని మెడ తిప్పి చూడరు. అది వాళ్ళ శాస్త్రం. దామోదర్‌రావు గుట్ట వంకే చూస్తూ కూర్చున్నాడు. మాపటికి వాడు ఎక్కవలసింది ఆ గుట్టే. చూడవలసింది అటే.

ఆయన వీపు వెనక రేవులో పడవ ఉంది. పడవలో రామవ్వ, బాలలక్ష్మి, రెండు మూటలు, ఒక మేక, నులకమంచం. సరంగు గడకర్ర పట్టుకుని తయారుగా ఉన్నాడు. పెండ్లికి మంచం ఎందుకు తీసుకుపోతున్నారని రేవులో ఒక్క మనిషి అడగలేదు. హనుమండ్లు సైకిల్‌తో సహా నీళ్ళలోకి దిగాడు. బాలలక్ష్మి హ్యాండిల్ పట్టి లోపలికి లాగింది. పడవ కదిలింది.

"ఎనుకకు సూడకు కొడుకా," అన్నది రామవ్వ.

ఆయన చూడలేదు. చూసింది పర్శరాములు. విసనకర్ర చెయ్యి మార్చుకోబోతూ తల తిప్పాడు. పడవ కనబడింది, మంచం కనబడింది, మేక కూడా కనబడింది. బాలలక్ష్మి అతన్నే చూస్తోంది. రేవులో ఆడవాళ్ళు అతన్నే చూస్తున్నారు. ఒక్క కేక వేస్తే నలుగురూ గుట్ట దిగి వస్తారు, గడి పడవలు రెండు రేవులోనే ఉన్నాయి. వెయ్యకపోతే, వెయ్యలేదన్న సంగతి మాపటికల్లా తెలుస్తుంది. తెలిశాక గుట్ట మీద కొట్టి పెట్టుకున్న కట్టెలు ఊరికే పోవు.

"నీళ్ళల్ల ఏందిరా సప్పుడు?" అన్నాడు దొర, గుట్ట మీది నుంచి చూపు తిప్పకుండా.

పర్శరాములు మళ్ళీ గుట్ట వైపు తిరిగాడు.

"ఏం లేదు దొరా. గోదారి," అన్నాడు. విసరడం మొదలుపెట్టాడు.